సగమే తెచ్చుకున్న మాట

మా వైపు రైతు నోట 'లాస్' ఇప్పుడు పక్కా తెలుగు మాట. జనగామలో పత్తి అమ్మేవాణ్ణి అడగండి. తేమ 8 శాతం దాటినకొద్దీ పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు. "తేమ పేరు మీద లాసే అన్నా" అంటాడు. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిర్చి పూతను పీల్చేసినప్పుడు మహబూబాబాద్ తండాల్లోనూ ఇదే మాట: "పెట్టుబడంత లాస్." సర్కారు లెక్కలో మాత్రం 33 శాతం పోతేనే పంటనష్టం. 32 పోయినవాడికి ఏమీ పోనట్టే!

అయితే చావింట్లో ఈ మాట ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఇంగ్లిష్‌వాళ్లు పరామర్శకు పోయి 'సారీ ఫర్ యువర్ లాస్' అంటారు. మనవాళ్లు గడపలో కూలబడి "ఎట్లయింది బిడ్డా" అంటారు. లోపల్నుంచి "ఆగమైతిమి" అని ఏడుపు. పాత ఇంగ్లిష్‌లో ఈ 'లాస్'కు మూలమైన మాటకు నాశనం అనే అర్థం ఉండేది, అంటే మన ఆగమే. మనవాళ్లు అరువు తెచ్చుకున్నది రూపాయల సగం మాత్రమే. మనిషి సగం మన దగ్గర ముందే ఉంది.

ఆ తేడా చెరిపేసింది మేమే, పత్రికలవాళ్లం. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి. డెస్కులో ఇంగ్లిష్ కాపీ ముందేసుకుని కూర్చున్నా. 'లాస్ ఆఫ్ లైఫ్' అని కనబడగానే చెయ్యి దానంతటదే 'ప్రాణనష్టం' అని కొట్టింది. ఇంతలో విలేకరి ఫోను: "సార్, నలుగురు కొట్టుకపోయిండ్రు. ఊరు ఆగమైంది." తెర మీద నా మాట చూసుకుంటే పద్దు పుస్తకంలో రాసినట్టుంది.

2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె-కేసముద్రం మధ్య వరదకు కట్ట కోసుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. అది నష్టం, ఒప్పుకుంటా. మళ్లీ మట్టీ కంకరా పోశారు, కొద్దిరోజుల్లోనే బండ్లు నడిచాయి. మోరంచపల్లి నలుగురి జాగా ఏ కంకరతో నింపుతారు?

ఆ మోరంచపల్లి వార్త నాటినుంచి నా దగ్గరికొచ్చే ఏ వార్తలోనైనా 'ప్రాణనష్టం' కనిపిస్తే కొట్టేసి, ఎంతమంది చనిపోయారో రాస్తున్నా.