గానుగ సున్నం, ఈశాన్య వాన

ఏడాదిలో పడే వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే ఈశాన్య రుతుపవనాల వల్ల కురిసే చెన్నై నగరంలో, పాత కట్టడాలను కాలినడకన చూడదలచిన వారికి చలికాలపు ముసురుకు మించిన సమయం లేదు. ఎండవేళ గోపురాలూ తోరణాలూ కంటికి ఆనితే, వానవేళ ఆ కట్టడాలు నీటిని ఎలా కాచుకున్నాయో తెలిసివస్తుంది. 1892లో ప్రారంభమైన హైకోర్టు భవనపు ఎర్ర ఇటుక తడిసి మరింత చిక్కనవుతుంది. రాబర్ట్ చిషోమ్ రూపకల్పన చేయగా 1879లో పూర్తయిన సెనేట్ హౌస్ సముద్రపు గాలివానకు ఎదురుగా నిలిచి ఉంటుంది. మన దేశపు తోరణాలను, గుమ్మటాలను యూరపు భవన ప్రణాళికతో కలిపిన ఈ రీతిని ఇండో సారసెనిక్ శైలి అంటారు. ఆ శైలికి దక్కిన కీర్తిలో కొంతైనా సున్నం నూరిన చేతులకు దక్కవలసి ఉంది.

పాత మద్రాసు ఇళ్ల వరండాలో నిలబడి తల పైకెత్తితే ఆ చేతిపని దగ్గరగా కనిపిస్తుంది. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను అంచుమీద నిలిపి, గది మూల నుంచి మొదలుపెట్టి ఏటవాలు వరుసలలో సున్నంతో అతికిస్తూ పోయేవారు; మూలలోని తొలి వరుసలు పొట్టివి కావడం వల్ల, ప్రతి ఇటుకా పక్కదానిని పట్టుకుని నిలవడం వల్ల కింద ఆసరా చెక్కల అవసరం ఉండేది కాదు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొరను పరచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ, కొట్టిన చెక్క తిరిగి ఎగిరిపడేంత గట్టిపడేదాకా కూలీలు రోజుల తరబడి దిమ్మిస చేసేవారు. ఆ పైన వాలు కుదిర్చి బిళ్లలు పరిచే ఈ మిద్దెకే మద్రాసు టెర్రస్ అని పేరు.

గోడల నునుపుకు కారణం గుల్లసున్నం, అంటే సముద్రపు, ఉప్పుకయ్యల గుల్లలను కాల్చి తీసిన సున్నం. ఆంధ్ర, తమిళ దేశాల నడుమనున్న పులికాట్ సరస్సు ఇటువంటి గుల్లలకు పేరుపొందింది. సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన వంటివి కలిపి, నున్నని రాయితో ఓపికగా రుద్దితే వచ్చే మెరుపు చలువరాతిని తలపించేది. తెలుగువారు గచ్చు అని పిలుచుకున్న పనికి ఇది దగ్గరి చుట్టం.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది, అయినా అందులోని సన్నని రంధ్రాలు మూసుకుపోవు. గోడ తాగిన తడి వాటి గుండానే ఆవిరై పోతుంది. ఈ గుణాన్ని గమనించకుండా పగుళ్లకు సిమెంటు పూయడం పాత గోడకు చేయగల అపకారాలలో పెద్దది, ఎందుకంటే లోపలి చెమ్మ బయటికి దారిలేక మెత్తని పాత ఇటుకను తినేస్తుంది. ముసురు విడిచిన మరునాడు ఆ గోడ పక్కగా నడిస్తే తేడా కంటికే తెలుస్తుంది: సున్నపు పూత ఒకే తీరున ఆరి తెల్లబడుతూ ఉంటే, సిమెంటు అతుకు చుట్టూ ఇటుక ఇంకా తడిగా, ఉప్పుపట్టి, వేలితో తాకగానే పొడిగా రాలుతుంది.