లవణసముద్రమా, గాజులోకి దిగిరా

రావమ్మా, లవణసముద్రమా! జంబూద్వీపం నడుముకు వడ్డాణమైనదానా, సప్తసముద్రాల్లో మొదటిదానా, రా! ఇన్నాళ్లూ ఈ గాజుతొట్టెలో ఆ వరసలో చివరిదైన మంచినీటి సముద్రం కొలువుంది. నాచు ఊగింది, గప్పీలు గంతులేశాయి, గోల్డ్‌ఫిష్ పసిడి పొద్దై తిరిగింది. వాటన్నిటికీ వేరే ఇంట నీడ దొరికింది. అడుగున పరిచిన పాత గులకరాళ్లనూ ఎత్తేశాను. చేపల తెల్లమచ్చలకు వేసే రాగిమందు ఆ రాళ్ల సందుల్లో మిగిలితే నీ రొయ్యలకు గండం, నీ నత్తలకు గండం.

ఊరికే రావు నువ్వు, తెలుసు. వంటింటి ఉప్పుకు లొంగవు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా ఎన్నెన్నో జాడలు కలిసిన ఉప్పు కావాలి నీకు. ఆర్వో నీటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన జారవిడిస్తే గిర్రున సుడివై, తెల్లని మబ్బువై, మబ్బు విడిన మిన్నువై మెల్లమెల్లగా తేటపడతావు. హైడ్రోమీటరు ముల్లు 1.025 దగ్గర ఆగితే నువ్వు వచ్చినట్టే. కాదు, వాకిట నిలిచినట్టు.

ఎందుకంటే నీ ప్రాణం ఉప్పులో లేదు, ఓర్పులో ఉంది. నీ కోసం పగడాన్ని తుంచి తేను. 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి కావలి కాస్తోంది, కాయాలి కూడా. ఎండురాళ్లు పేర్చి ఎదురుచూస్తాను. ఆ రాళ్ల రంధ్రరంధ్రంలో కంటికి కనబడని నీ ప్రజ కాపురం పెడుతుంది. ఒకరు అమ్మోనియాను తిని నైట్రైట్ చేస్తారు, ఇంకొకరు నైట్రైట్‌ను తిని నైట్రేట్ చేస్తారు. విషం చేతులు మారి మారి వాడి తగ్గుతుంది. వారాలు గడుస్తాయి. ఉన్నట్టుండి ఇసుక మీద గోధుమరంగు పొర పరుచుకుంటుంది. మురికి అంటారు చూసినవాళ్లు. డయాటమ్‌లమ్మా అవి! సిలికా గుల్లల్లో కాపురముండే అణువంత జీవులు, గాజింట్లో గాజిళ్లు!

ఎంత వింతదానివి నువ్వు! మంచినీటి చేప దాదాపు నీరే తాగదు, నీరే దాని ఒంట్లోకి చొరబడుతుంది. నీ బిడ్డ ఒంట్లోని నీటిని మాత్రం నువ్వే లాగేస్తావు. అది తాగుతూనే ఉండాలి, తాగిన ఉప్పును మొప్పల దారిన నెడుతూనే ఉండాలి. తల్లి ఒడిలో తీరని దాహం! అయినా ఒక్క మోలీ చేపను చూడు, చుక్కచుక్కగా అలవాటు చేస్తే ఆ నీటి నుంచి ఈ నీటికి బతికి వస్తుంది. ఇంకో వింత: నువ్వు ఆవిరవుతుంటే నీరే ఎగురుతుంది, ఉప్పు కదలదు. అందుకే తరిగినంత మేరా నీకు పోసేది మంచినీళ్లే.

ఇప్పుడు పిలుస్తాను నీ ముద్దుబిడ్డల్ని. వల పడి వచ్చినవాళ్లను కాదు, విళింజంలో, మండపంలో మన శాస్త్రవేత్తలు పొదిగించినట్టు హేచరీలో కళ్లు తెరిచిన క్లౌన్ చేపల జంటను. నారింజ మేను, తెల్లని పట్టెలు, బెరుకైన ఉలికిపాటు! పుట్టుకతో అందరూ మగవాళ్లే వీళ్లు. జంటలో పెద్దరికం దక్కినది ఆడదవుతుంది. ఆనిమోన్ మెత్తని సెజ్జ కోసం మారాం చెయ్యకు చేపతల్లీ, నీళ్లు ఇంకా ముదరాలి, నెలలు పడుతుంది. అందాకా ఆ రాతిగూడే నీ అంతఃపురం. ఏలుకో, మొగుణ్ణి మూల మూలకూ తరుముకో, నీ ఇష్టం!