ముత్యపు సీసా, చారల బిందె

ఈ వారం నాకు బాగా నచ్చిన వస్తువు ఒక ఖాళీ షాంపూ సీసా. కర్నూలులో మా బంధువుల ఇంటి పెరటి గోడ మీద కనబడింది. ఎండ పడుతుంటే ఒకవైపు పాలతెలుపు, కాస్త తిప్పితే లేత గులాబీ, ఇంకాస్త తిప్పితే వెండి. పైన అంటించిన కాగితం తడిసి ఊడిపోయింది కాబట్టి ఏ కంపెనీదో తెలియదు. అడిగి తెచ్చుకున్నాను. అప్పటినుంచి నా రాతబల్ల మీదే ఉంది.

ఆ మెరుపు పైన పూసింది కాదు. గోటితో గీకితే రాదు. ప్లాస్టిక్ ముద్దలోనే ఉంది. మెరిసేది అభ్రకం. అభ్రకాన్ని నీళ్ళతో నూరి కంటికి ఆనని పలుచటి రేకులు చేస్తారు. ఒక్కో రేకుకు టైటానియం డయాక్సైడ్ పొర పట్టిస్తారు. ఏ రంగు కనబడాలో ఆ పొర మందమే చెబుతుంది. 50 నానోమీటర్ల దగ్గర వెండితెలుపు. మందం పెరిగేకొద్దీ పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దాకా ఉంటుందంటే ఆ పొర ఎంత పలుచనో ఊహించుకోండి. పొర పైభాగం నుంచి తిరిగొచ్చే వెలుగు, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. నీళ్ళ మీద కిరసనాయిలు తెట్టు కడితే కనిపించే రంగులకూ ఇదే కారణం. పూర్వం ఐరోపాలో ఈ ముత్యపు తళుకు కోసం చేపల పొలుసుల నుంచి తీసిన పదార్థం వాడేవాళ్ళు. అభ్రకం మీద టైటానియం పొర పట్టించే పద్ధతిని 1960లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ వాళ్ళు పట్టుకొచ్చారు.

మీ ఇంట్లో ఉన్న సీసా ఒకటి తిరగేసి అడుగు చూడండి. మధ్యలో చుక్క ఉంటే చాలావరకు పెట్ సీసా, నీళ్ళ సీసాల జాతి. అడ్డంగా గీత ఉంటే ఎక్కువగా పాలిథిన్ సీసా. నాది గీత సీసా. పాలిథిన్ గింజల్ని 200 డిగ్రీల వేడి దగ్గర కరిగించి గొట్టంగా కిందికి దించుతారు. వేలాడుతున్న ఆ వేడి గొట్టం మీద రెండు చెక్కల అచ్చు వచ్చి మూసుకుంటుంది. అడుగున గొట్టం నొక్కుకుపోయిన చోటు ఆ గీత. లోపలికి గాలి ఊదితే గొట్టం ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుంటుంది, చల్లారగానే సీసా.

సీసా తళతళలాడాలంటే అచ్చును అద్దంలా నున్నగా చేస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్ సీసాకు చాలు. పాలిథిన్‌కు మాత్రం అచ్చు మరీ నున్నగా ఉంటే మధ్యలో గాలి ఇరుక్కుని సీసా ఒంటి మీద మచ్చలు పడతాయి. అందుకని అచ్చు లోపల ఇసుక కొట్టి సన్నటి గరుకు తెప్పిస్తారు. గాలి ఆ సందుల్లోంచి జారిపోతుంది. ఇక మెరుపంతా పైపొరలో వాడిన ప్లాస్టిక్ నుంచీ, దాని వేడి నుంచీ, అందులోని రేకుల నుంచీ రాబట్టుకోవాలి. రేకులు సుకుమారమైనవి. మర గట్టిగా నలిపితే విరిగిపోయి తళుకు చస్తుంది. నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి వేయరు. గొట్టం సాగేటప్పుడు అవన్నీ సీసా గోడ వెంబడి ఒకే వాటంగా పడుకోవాలి. అచ్చు చెక్కలు కలిసే చోట వాటం తప్పితే పక్కన నీడలాంటి గీత తేలుతుంది. నా సీసాకు ఆ గీత వెలుతురులో పెట్టి వెతికితే గానీ దొరకలేదు. ఎవరో గట్టి పనిమంతులు చేసిన సీసా ఇది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు ఇక్కడి నుంచి నేనెక్కడికి పోతానో తెలుసు. మంగంపేటకే. పాత కడప జిల్లాలోని ఆ ఊరి ముగ్గురాయి (బెరైటీస్) ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. నీళ్ళకు నాలుగు రెట్లు మించిన బరువు. తవ్విన దాంట్లో ఎక్కువ భాగం పొడిగా మారి, చమురు బావులు తవ్వేచోట బురదలో కలవడానికి ఓడలెక్కి పోతుంది. అదే రాయిని శుద్ధి చేసి మెత్తటి తెల్లపొడి చేస్తే రంగుల పరిశ్రమకూ ప్లాస్టిక్‌కూ పనికొస్తుంది, పైనున్న మెరుపు చెడనివ్వదు. వెలిగొండలు దాటితే గూడూరు అభ్రకం. బేతంచర్ల నాపరాయి మీద ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. రాయి తవ్వి దుమ్ము పీల్చేది మనం, దానికి మెరుపు పెట్టి లాభం తీసుకునేది ఇంకొకరు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపితే అందులో రెండు మనవి, ఓర్వకల్లు, కొప్పర్తి. సీసాలు ఊదే పరిశ్రమకు పెద్దగా నీళ్ళు అక్కరలేదు. అచ్చు చల్లార్చే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. కరువు సీమకు ఇంతకంటే తగిన పని ఏముంది? ముత్యపు సీసాల పని కొప్పర్తికి రావాలని అడుగుదామనే ఈ వారం రాయడానికి కూర్చున్నాను.

ఆ అడుగు గీతే నన్ను పక్కకు లాగింది. ప్లాస్టిక్ బిందెలకూ అడుగున అదే గీత ఉంటుంది.

పత్తికొండ వైపు మా అవ్వ వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం నీళ్ళంటే ఒక్క బోరింగే. అంతకుముందు ఇత్తడి బిందెలుండేవి. ఖాళీ బిందే బరువు. ప్లాస్టిక్ బిందెలు సంతకొచ్చిన కొత్తలో ఊళ్ళో పెద్దవాళ్ళు ముఖం చిట్లించారు. నీళ్ళు వాసనొస్తాయన్నారు, ఇంటికి లక్ష్మి కాదన్నారు. మా అవ్వ మాత్రం మొదటి వారమే కొనేసింది. ఎందుకే అని చుట్టుపక్కలవాళ్ళు అడిగితే, "నేను పోయేది నీళ్ళు మోసేదానికా, బిందె మోసేదానికా?" అంది. ఆ ఒక్క మాటతో వీధి వీధంతా ప్లాస్టిక్‌కు మారింది.

ఆ బిందెలు ఒట్టి రంగువి కావు. చారలవి. ఎరుపులో పసుపు సుడులు, నీలంలో తెల్ల మబ్బులు. రాత్రే తీసుకెళ్ళి బోరింగు దగ్గర పెట్టి వచ్చేవాళ్ళు. తెల్లారేదాకా మనుషుల బదులు బిందెలు వరసలో నిలబడేవి. ఇత్తడి బిందె మీద పేరు చెక్కించేవాళ్ళు. ప్లాస్టిక్ బిందెకు చారే పేరు. వరసలో ఎవరైనా బిందె జరిపి ముందుకు పెట్టుకుంటే పంచాయతీ చార దగ్గరే తెగేది. "మా దానికి మెడ కింద తోకచుక్క ఉంటాది, చూసుకోపో" అనేది మా అవ్వ. నిజంగానే ఉండేది.

ఒకే అచ్చు, ఒకే మర, అయినా రెండు బిందెల చార ఒకటి కాదు. మామూలుగా రంగు గింజలు ప్లాస్టిక్‌లో పూర్తిగా కరిగి కలిసిపోవాలి. చార కావాలనుకుంటే త్వరగా కరగని రకం ప్లాస్టిక్‌లో రంగు పట్టించి, మరలో పూర్తిగా కలవకముందే బయటికి వదులుతారు. గొట్టం దిగేటప్పుడు రంగు సుడి తిరుగుతుంది, గాలి ఊదినప్పుడు ఆ సుడి సాగి బిందె ఒంటి మీద పరుచుకుంటుంది. ఎటు తిరుగుతుందో మర నడిపేవాడి చేతిలో కొంతే ఉంటుంది.

ఆ బిందెలు ఏళ్ళ తరబడి బతికేవి. పగులు వస్తే పాత ప్లాస్టిక్ ముక్క పెట్టి, కాల్చిన కత్తితో అతికేవాళ్ళు. అతుకు ఆగకపోతే మెడ కోసి కోళ్ళకు నీళ్ళు పెట్టేవాళ్ళు. అదీ అయ్యాక వీధిలో "పాత సామాన్లకు ఎర్రగడ్డలూ..." అని కేక వినిపించినప్పుడు తక్కెట్లోకి ఎక్కేది.

ఆ తక్కెడే తలలో తిరిగి, సీసా పట్టుకుని మా వీధి చివర గుజిరీ అంగడికి పోయాను. అంగడాయన తిప్పి చూశాడు, అడుగు గీత చూశాడు, వేలితో నొక్కాడు. "ఇది తెల్ల మాల్లో పడదు సార్. కలర్లో ఏస్తే ఆ కలర్ చెడుతుంది. నల్లదాంట్లో ఏసేదే" అన్నాడు. పాలరంగు క్యాన్లు వేరే మూటలో ఉన్నాయి, వాటికి మంచి ధర. నా ముత్యపు సీసా పోయేది అన్నిటికంటే తక్కువ ధర కుప్పలోకి. ఆ కుప్పలోంచి వచ్చేవి నల్ల పైపులు, ముదురు రంగు తట్టలు. పాలిథిన్‌ను మళ్ళీ కరిగించవచ్చు. అందులోని అభ్రకాన్ని మాత్రం ఎవరూ ఏరి బయటికి తీయలేరు.

2022లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం పాత ప్లాస్టిక్ కలపాలి. బూడిదరంగు పాత ప్లాస్టిక్‌తో ముత్యపు తెలుపు రాదు. దానికీ ఉపాయం ఉంది: సీసాను మూడు పొరలుగా ఊదుతారు, పాతది మధ్యలో దాగుతుంది, తళుకు పైపొరలోనే. గొప్ప పనితనమే, ఒప్పుకుంటాను. కానీ అంతా అయ్యాక ఆ సీసా కూడా మళ్ళీ అదే నల్లకుప్పలో పడుతుంది. నెల రోజుల్లో ఖాళీ అయ్యే షాంపూకు ఇంత రాయి, ఇంత నేర్పు, ఇంత వేడి ఖర్చుపెట్టడం నాకు అన్యాయంగా తోస్తోంది. సీసా అంగడి బల్ల మీద కన్ను లాగాలనే కదా ఇదంతా. మా అవ్వ బిందె చార అలాంటిది కాదు. అది రోజూ పనిచేసింది, ఏళ్ళపాటు పనిచేసింది, మండుటెండలో నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళ కళ్ళకు కాస్త చల్లదనమూ ఇచ్చింది.

కాబట్టి ముత్యపు సీసాల పరిశ్రమ కావాలని నేను అడగను. కొప్పర్తిలోనో ఓర్వకల్లులోనో స్థలం తీసుకునేవాళ్ళకు నా మనవి వేరు. షాంపూలకూ నూనెలకూ రంగు లేని పాలతెలుపు సీసాలు ఊదండి. మీ అభ్రకం, మీ శుద్ధి చేసిన ముగ్గురాయి, మీ పనిమంతుల నేర్పు బిందెలకూ బాన్లకూ పెట్టండి. అందులో పోసేవి తాగేనీళ్ళు. కాబట్టి భారతీయ ప్రమాణాల్లో ప్లాస్టిక్ ఐఎస్ 10146కు, రంగు ఐఎస్ 9833కు తగినట్టుండాలి. గుజిరీ నల్లమాలు అందులో చేరకూడదు. ఇప్పుడు సంతల్లో అమ్మే చవక బిందెల్లో చాలావాటి అడుగున ఏ ముద్రా కనబడదు. మీ ఊరి అంగట్లో చారల బిందె ఉంటే తిరగేసి చూడండి. ముద్ర ఉంటే ఏముందో, లేకపోతే లేదని, ఒక కార్డు ముక్క రాసి పంపండి.