సైరంధ్రి యొడంబడిక

విరాటపర్వమనఁగానే పఠితల మనస్సునఁ గీచకవధయే ముందుగా మెదలును. తిక్కన సోమయాజి పదునైదు పర్వముల రచనకు నుపక్రమించినది యీ పర్వముతోడనే. కాని కీచకుని ప్రసక్తికిఁ బూర్వమే యిందొక చిన్న సంభాషణము కలదు. పని కోరి వచ్చిన స్త్రీ పని యిచ్చునామెతో నాడిన మాటలవి. వ్యాసభారతము ననుసరించి వాని స్వరూపము విచారింపఁదగియున్నది.

మలినమైన యేకవస్త్రముతో విరాటనగరమునఁ దిరుగుచున్న ద్రౌపదిని సుధేష్ణ మేడపైనుండి చూచి, పిలిపించి, యెవ్వతెవని యడిగెను. ద్రౌపది తన దైన్యమును వర్ణింపలేదు. తాను సైరంధ్రినని చెప్పి, కేశములు దిద్దుట, మైపూఁత నూఱుట, పూలదండలు గూర్చుట యను నేర్పులను వరుసగాఁ దెలిపినది. పూర్వము సత్యభామను, పాండవుల దేవిని గొలిచితినని యనుభవమును జెప్పినది. పిమ్మట, ఎంగిలి యీయరాదనియుఁ, బాదములు గడిగింపరాదనియు నియమములు దెలిపినది. సుధేష్ణ వాని నంగీకరించినది. నేర్పు, అనుభవము, నియమము అను నీ క్రమము గమనింపఁదగినది. దీని నాత్మస్తుతి యని యాక్షేపింపరాదు. వేషము కల్పితమైనను నేర్పు కల్పితము గాదు. పరీక్షకు నిలుచు నేర్పును జెప్పుకొనుట ప్రమాణమును జూపుటయే.

ఇట్టి కోరిక యాచనయా, హక్కుమాటయా? పాణిని 3.3.161 సూత్రమున విధి, నిమంత్రణము, సంప్రశ్నము, ప్రార్థనము మొదలగు నర్థములయందు లిఙ్ఙు నొక్కదానినే విధించెను. 3.3.169 సూత్రమున, అర్హత తోఁచునపుడును గృత్యప్రత్యయములతోఁ గూడ నా లిఙ్ఙునే యనుమతించెను. కాఁబట్టి యొకే క్రియారూపము ఆజ్ఞయుఁ గావచ్చును, వేఁడికోలును గావచ్చును, అర్హతాకథనమును గావచ్చును. భేదము ప్రత్యయమునందు లేదు, వక్తృశ్రోతల సంబంధమునందున్నది. స్త్రీ తన పనికిఁ దగిన జీతము నడిగినపుడు దానిని వేఁడికోలుగా నెంచుట శబ్దదోషము గాదు, శ్రోతృదోషము. 4.4.12 సూత్రమున సిద్ధించు వైతనికశబ్దమును నిదే తెలుపును. అందు వేతనము జీవనమునకుఁ గరణము. దాత యనుగ్రహము గాదు.

అయినను నియమములు చెప్పినంతమాత్రమునఁ గార్యము ముగియలేదు. సుర తెమ్మని సుధేష్ణ కీచకుని యింటికిఁ బంపఁబూనఁగా, ద్రౌపది కొలువునఁ జేరునాఁటి యొడంబడికను జ్ఞప్తికిఁ దెచ్చినది. పరిచారికలు పెక్కురు గలరు, మఱియొకతెను బంపుమన్నది. సుధేష్ణ వినలేదు. కీచకుఁడు తన్నిన పిమ్మట నామె సభలోనే రాజధర్మమును బ్రశ్నించినది. తన యెదుట జరుగని వివాదమును దానెఱుఁగనని విరాటుఁడు తప్పించుకొనెను. అడిగిన స్త్రీ ధైర్యమున లోపము లేదు; వినినవారి ధర్మమున లోపమున్నది.

ఆ లోపమును శాసనము తీర్పవలెను. కౌటిల్యుఁడు సూత్రాధ్యక్షప్రకరణమున, నూలు వడకు స్త్రీలకు నూలు సన్నదనమును బట్టి వేతనము నిర్ణయింపుమనెను. వేతనకాలము మీఱినచో మధ్యమసాహసదండము. అధికారి స్త్రీ ముఖమును జూచినను, పనికిఁ జెందని ప్రసంగము చేసినను బూర్వసాహసదండము. వేతనము గొని పనిచేయని స్త్రీకిఁ గఠినదండము విధించిన మాటయు దాఁపరాదు. అయినను నిచ్చువాఁడును బద్ధుఁడే యను తత్త్వ మందు స్పష్టము. 1950లో నమలునకు వచ్చిన భారతరాజ్యాంగము 39వ యధికరణమున, సమానమైన పనికి స్త్రీపురుషులకు సమానవేతనమును రాజ్యమున కాదేశసూత్రముగాఁ జెప్పెను. 1976లో దానికై శాసనమును వెలసెను.

కావున బాలికలకు సైరంధ్రిని ఓర్పునకు మాత్రమే నిదర్శనముగాఁ జెప్పుట చాలదు. నేర్పును జెప్పుట, నియమమును బెట్టుట, అది తప్పినపుడు జ్ఞప్తిచేయుట, సభలోఁ బ్రశ్నించుట అను నాలుగును నామెయొద్ద నేర్వఁదగినవి. కీచకవధానంతరము రాజు భయపడి పలికిన మాటపై సుధేష్ణ వెడలిపొమ్మనఁగా, నామె మఱి పదుమూఁడు దినములు మాత్రమే గడువడిగినది. అజ్ఞాతవాసమునకుఁ గావలసిన దంతయే. తనకుఁ జెందవలసిన దెంతయో యెఱిఁగినవారి యడుగుదల యట్లుండును. అందు దైన్యమును లేదు, గర్వమును లేదు.