ఎక్కడ ఆపాలి?

1975 ఆగస్టు 1న మన పల్లెల్లోని కొన్ని బళ్ళకి పాఠం ఆకాశం నుంచి దిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను ఏడాది పాటు అరువు తెచ్చుకుని ఇస్రో నడిపిన ‘సైట్’ టీవీ ప్రయోగం అది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళు, వాటిలో ఆంధ్రప్రదేశ్‌వీ ఉన్నాయి. పొద్దున పూట పిల్లలకు తెలుగులో 20 నిమిషాల పైచిలుకు కార్యక్రమం వచ్చేది. వెనక వరసలో వాడికి బోధపడినా పడకపోయినా బొమ్మ మాత్రం ముందుకు పోయేది. మాస్టారికి దాన్ని ఆపే వీల్లేదు. 2020 సెప్టెంబరులో తెలంగాణలో యాదగిరి చానల్, టీశాట్ పాఠాలు టీవీ ముందు కూర్చుని విన్న పిల్లలదీ అదే పరిస్థితి.

ఇప్పుడు మా తరగతి గోడకు వీడియో పాఠాలు చూపే డిజిటల్ ప్యానెల్ ఉంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులూ ఇచ్చారు. వీటన్నిటిలో నాకు పనికొచ్చింది ఒక్కటే, ఆపే బటన్.

వక్రీభవనం పాఠమే తీసుకోండి. వీడియోలో నీళ్ళ గ్లాసులో పెన్సిలు వంకరగా కనిపించే చోటు ఒకటుంది. ఓసారి అది రాకముందే ఆపేసి, ‘ఏమవుద్దిరా?’ అన్నాను. ‘విరిగినట్టుంటది సార్’ అని ముందు వరస. ‘లావవుద్ది సార్’ అని వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. వీడియోలో లావు సంగతి లేదు మరి. బల్ల మీద నిజం గ్లాసు పెట్టి చూస్తే పెన్సిలు లావుగానే ఉంది! గుండ్రటి గ్లాసులో నీళ్ళు కటకంలా పనిచేస్తాయి. ఆ పీరియడ్‌లో వీడియో మళ్ళీ వెయ్యలేదు. (సిలబస్ ఆ మేరకు వెనకబడింది, నిజమే.)

ప్లే నొక్కి, ఆ సందులో హాజరు వివరాలు యాప్‌లో ఎక్కించుకుంటూ కూర్చుంటే మనం 1975లో ఉన్నట్టే. టీచర్లను తప్పుపట్టడం తేలికే కానీ, మాకు ఇచ్చిన శిక్షణ అంతా లాగిన్ ఎలా అవ్వాలి, పెన్ను రంగు ఎలా మార్చాలి అన్న దగ్గరే ఆగిపోయింది. ఆ ‘సైట్’ కాలంలోనే సుమారు 50 వేల మంది ప్రాథమిక టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో నేర్పారు. యంత్రం పాతదైనా ఆలోచన మెరుగు.

చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. అధికారులకు నా విన్నపం: ఒక్కసారి పత్రాలు, లెక్కలు పక్కనబెట్టి, వచ్చే నెల పాఠం వీడియో ఒకటి వెయ్యండి. ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో మమ్మల్నే తేల్చుకోనివ్వండి. దానికి కొత్త యాప్ అక్కర్లేదు, ఒక పూట తీరిక చాలు.