పిల్లలు కట్టిన పాట

న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలి కొడుకు నాలుగో తరగతి చదువుతున్నాడు. వాళ్ల క్లాసు పిల్లలంతా కలిసి ఒక ఒపేరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, వేశారు. కథ వాళ్లదే, మాటలు వాళ్లవే, బాణీలు కట్టిందీ వాళ్లే. ఈ వారం ఆ వీడియో చూసి మా చెల్లెలు ఫోన్ చేసింది.

“అన్నయ్యా, అరగంటసేపు వెతికి వెతికి చూశాను. మనవాడు ఎక్కడా కనిపించలేదు. అడిగితే లైట్లు వేశాడట! వాడి గొంతు ఎంత బాగుంటుందో నీకు తెలుసుగా. ఒక్క పాటైనా ఇవ్వకూడదా ఆ టీచరమ్మ?”

“లైట్లు వాడే అడిగి తీసుకున్నాడేమో, కనుక్కోమ్మా” అన్నాను.

కనుక్కుంది. అడగడం కాదు, దరఖాస్తే పెట్టుకున్నాడట. క్లాసులో ముందుగా ఒక జాబితా అంటించారు. రచయితలు, బాణీలు కట్టేవాళ్లు, నటులు, తెరలకు రంగులేసేవాళ్లు, వడ్రంగి పని చేసేవాళ్లు, కరెంటు పని చూసేవాళ్లు, దుస్తులూ మేకప్పూ చూసేవాళ్లు, ఊళ్లో ప్రచారం చేసేవాళ్లు, అందరినీ వేళకు కదిలించే స్టేజి మేనేజరు. ఎవరికి ఏ పని కావాలో, దానికి తాము ఎందుకు తగుదురో రాసివ్వాలి. మనవాడు రెండు ముక్కలు రాశాడు: స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు, చీకటంటే భయం లేదు. ఉద్యోగం వచ్చింది.

ఆ వీడియో నేనూ చూశాను. వేదిక అంచున పెద్ద టిన్ను డబ్బాల్లో బల్బులు బిగించి చేసిన దీపాలు వరసగా ఉన్నాయి. కథ చిన్నది. ఒక పిల్ల లైబ్రరీ పుస్తకం పోగొట్టుకుని ఆ తప్పు స్నేహితురాలి మీదికి నెడుతుంది. నిజం బయటపడ్డాక క్షమించమని అడుగుతుంది. స్నేహితురాలు క్షమించాలా, వద్దా? ఇక్కడ క్లాసు రెండుగా చీలి చాలా రోజులు వాదించుకుందట. క్షమించవచ్చు గానీ అప్పటికప్పుడు కాదని చివరికి తేల్చుకున్నారు. అందుకే ఆఖరి పాటలో ఇద్దరూ చెరో పక్క నిలబడి ఒకేసారి పాడతారు. మాటలు వేరు, బాణీలు వేరు. ‘నా పక్కన కూర్చో’ అని ఒకరు, ‘ఇవాళ కాదు’ అని ఇంకొకరు. పాట సగంలో, తప్పు చేసిన పిల్ల మీద వెలుగు మెల్లగా తగ్గుతుంది. అది మనవాడి చేతిపని.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మనకు ఒక్క మాటా అర్థం కాదు. ఇద్దరు ఒకేసారి పాడితే మాత్రం ఇద్దరి మనసులూ వినిపిస్తాయి. మన పద్యనాటకంలో మామూలుగా ఒకరి పద్యం పూర్తయ్యాకే రెండోవాళ్లు అందుకుంటారు. ఇలా ఇద్దరిని ఒకేసారి పాడించడం ఒపేరాలో పెద్ద పెద్ద సంగీతకర్తలు చేసిన పని. కథకు అవసరమై తొమ్మిదేళ్ల పిల్లలు దాన్ని వెతికి పట్టుకున్నారు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు స్కూలు వార్షికోత్సవాల మీద నా కోపం కొత్త కాదు. పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట, అద్దె దుస్తులు, బయటినుంచి వచ్చిన డాన్స్ మాస్టారు, ముందు వరసలో ఫోన్లు ఎత్తిపట్టుకున్న మనం. పిల్లలు నెల రోజులు కష్టపడతారు, నిజమే. కానీ ఆ సాయంత్రం వాళ్లు తమంతట తాము నిర్ణయించింది ఒక్కటీ ఉండదు. పాట వాళ్లది కాదు, అడుగు వాళ్లది కాదు, చివరికి చొక్కా రంగు కూడా వాళ్లు ఎంచుకున్నది కాదు.

పిల్లల కోసం ఒపేరాలు రాసిన పెద్దవాళ్లు లేకపోలేదు. 1949లో ఇంగ్లండులో సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ ‘లెట్స్ మేక్ యాన్ ఒపేరా’ చేశాడు. అందులో నాలుగు పాటలు ప్రేక్షకులే నేర్చుకుని పాడాలి. అంతకుముందు, 1930లో, బెర్లిన్‌లో నాటకకర్త బ్రెష్ట్ రాయగా కుర్ట్ వైల్ సంగీతం కట్టిన ‘డెర్ యాజాగర్’ బడిపిల్లలు పాడడానికి పుట్టింది. కొండదారిలో జబ్బుపడిన కుర్రవాడు, ఆచారం ప్రకారం తనను లోయలోకి తోసేయడానికి ఒప్పుకుంటాడు. నాయ్‌కోల్న్‌లోని కార్ల్ మార్క్స్ స్కూలు పిల్లలతో దాని మీద చర్చ పెడితే, వాడెందుకు ఒప్పుకోవాలని నిలదీశారు. ఆ చర్చల తర్వాత బ్రెష్ట్ నాటకాన్ని తిరగరాశాడు. కుర్రవాడు ‘కాదు’ అనే ఇంకో నాటకం కూడా రాశాడు. పిల్లల్ని అడగాలే గానీ, ముగింపు ఎలా ఉండాలో వాళ్లకు తెలుసు.

అమెరికాలో పిల్లలకు కలమే ఇచ్చేశారు. మెట్రోపాలిటన్ ఒపేరా గిల్డ్ అనే సంస్థ ‘క్రియేటింగ్ ఒరిజినల్ ఒపేరా’ పేరుతో బడి టీచర్లకు వేసవిలో శిక్షణ ఇచ్చేది. క్లాసు మొత్తం ఒక నాటక సమాజంగా మారుతుంది. దానికి పేరు పెట్టుకోవడం దగ్గర్నుంచి తెర దించేదాకా పని అంతా పిల్లలదే. మనవాడి టీచరమ్మ ఆ శిక్షణ తీసుకున్న మనిషేనట.

నాటక సమాజం అంటుంటే నా చిన్నప్పుడు మా ఊరి మార్కెట్ యార్డు పక్కన సురభి వాళ్లు వేసిన డేరా గుర్తుకొస్తోంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ వనారస వారి కుటుంబ నాటకం కొమ్మలు కొమ్మలుగా చీలి తెలుగునేలంతా తిరిగింది. వాళ్లు మా ఊళ్లో ఉన్న కొన్ని నెలలూ ఆ కుటుంబంలోని ఒక అబ్బాయి మా బళ్లోనే చదివాడు. లెక్కల్లో నేను చూపించేవాణ్ని, బదులుగా వాడు నన్ను తెర వెనక్కి తీసుకెళ్లాడు.

ముందు కూర్చున్నప్పుడు నాకు నారదుడు మబ్బుల్లోంచి దిగుతున్నట్టు కనిపించేది. వెనక నిలబడి చూస్తే అక్కడ కప్పీ, తాడూ, తాడు దగ్గర మావాడూ ఉన్నారు. సాయంత్రం నుంచి వాడు ఖాళీగా లేడు. చుట్టిన తెరలు వరస ప్రకారం సర్దాడు, అడవి తెర అంచున పెచ్చులూడిన చోట రంగు పూశాడు, మొదటి అంకంలో చిన్న వేషం కట్టి నాలుగు మాటలు చెప్పి వచ్చాడు, మొహం మీద రంగు తుడుచుకోకుండానే తాడు దగ్గరికి చేరాడు. వాడి మణికట్టు మీద వాళ్ల నాన్న వేళ్లు ఆనించి ఉన్నాయి. ముందు వేదిక మీద పద్యం నడుస్తోంది. మావాడి పెదవులు ఆ పద్యాన్ని చప్పుడు లేకుండా చదువుతున్నాయి. ఆఖరి పాదంలో రాగం ఎక్కడ ఎంతసేపు సాగుతుందో వాడికి తెలుసు. నాన్న వేళ్లు నొక్కీ నొక్కకముందే వాడి చెయ్యి తాడు వదలడం మొదలుపెట్టింది. నారదుడు దిగాడు, డేరా అంతా చప్పట్లు. ఆ చప్పట్లలో తన వాటా ఎంతో వాడికి తెలుసని నాకు ఆ క్షణాన అర్థమైంది. అప్పటినుంచీ ఏ నాటకం చూసినా నా కళ్లు పక్కతెరల వైపు వెళతాయి.

మా చెల్లెలికి ఈ సంగతే చెప్పాను. “తాడు పట్టుకున్నవాడికి నాటకం మొత్తం కంఠస్థం ఉండాలమ్మా. వేషం వేసినవాడికి తన వంతు తెలిస్తే సరిపోతుంది.” మనవాడు కూడా వేలు బటన్ మీద పెట్టి ఆ పాట మొత్తాన్ని లోలోపల పాడుకునే ఉంటాడు.

ఇదంతా వింటే పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటే పిల్లలే చేసుకుంటారనిపిస్తుంది. కానీ ఊరికే వదిలేస్తే పిల్లలు ముందురోజు విన్న పాటే మళ్లీ పాడతారు. బాణీలు కట్టిన పిల్లల్లో ఒకమ్మాయికి ఒక చరణం ఎంతకీ కుదరలేదట. టీచరమ్మ దిద్దలేదు. ఆ వాక్యాన్ని ముందు మామూలుగా మాట్లాడించింది. గొంతు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ పడుతోంది వినమంది. పాడినవి రికార్డు చేసి వరసగా వినిపించి, ‘ఇందులో నీ మనసులో ఉన్నది ఏది?’ అని అడిగింది. ఆ అమ్మాయి ఎంచుకున్నదాన్ని పియానో వచ్చిన మనిషి స్వరాల్లోకి రాసుకుంది. ఆ ప్రశ్న అడగాలంటే చెవి ఉండాలి. పిల్ల పాడిన వంకర బాణీలో ఉన్న మంచిని పట్టగలిగినవాళ్లే దాన్ని చెడగొట్టకుండా ఊరుకోగలరు. సురభి తండ్రి వేళ్లు కూడా తాడు మీద లేవు, కొడుకు మణికట్టు మీద ఉన్నాయి. నాటకం మాత్రం ఆ అబ్బాయి రాసింది కాదు, తాతలనాటిది. వాడికి పని వచ్చు, మన న్యూజెర్సీ పిల్లలకు కథ ఉంది. ఈ రెండూ ఒక్క చోట దొరకాలంటే బళ్లో పని తెలిసిన మనిషి ఉండాలి.

ఆ మనిషిని దాతల దయకు వదలకూడదు. శిక్షణలిచ్చిన ఆ గిల్డే డబ్బు ఇబ్బందులతో తన కార్యకలాపాలు ముగించుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది. మన దగ్గర ఈ విషయం చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి కళావిద్య బోధకులు, పార్ట్‌టైమ్ అయినా సరే, ఉండి తీరాలి. అదే చట్టం స్కూలు కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలంది. మీ పిల్లలు చదివేది ప్రభుత్వ బడి అయితే ఈసారి కమిటీ సమావేశంలో ఆ షెడ్యూలు కాగితం చేత్తో పట్టుకుని లేవండి. మా బడికి కళల టీచరు ఎప్పుడొస్తారని అడగండి, సంగీతం తెలిసిన మనిషి కావాలని కూడా అడగండి. వచ్చినాయన మీ పిల్లల పాట తాను రాసేస్తానంటే, వద్దని చెప్పండి.