ఇంకోసారి చిలకరించి చూడండి

ఆశ్చర్యపోవడం ఈమధ్య బాగా చవకైపోయింది. ఫోను పట్టుకుని వేలితో పైకి తోస్తూ కూర్చుంటే పావుగంటలో అగ్నిపర్వతం, తిమింగలం, ఆకాశంలోంచి దూకే మనిషి, అన్నీ వచ్చి పోతాయి. ప్రతిదానికీ ‘అబ్బో’ అనుకుంటాం, వేలు మాత్రం ఆగదు. దాన్ని నేను ఆశ్చర్యం కింద జమ కట్టను. నా లెక్కలో ఆశ్చర్యానికి గుర్తు ఒకటే: చూసినదాన్ని అప్పటికప్పుడు ఇంకోసారి చేసి చూడాలనిపించాలి. తిమింగలంతో ఆ పని మనవల్ల కాదు. వంటింట్లో అవుతుంది.

అట్ల పెనం సంగతే తీసుకోండి. కాలిందో లేదో తెలియడానికి నాలుగు నీటిచుక్కలు చిలకరించడం మన ఇళ్లలో ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు. చూసి వచ్చేస్తుంది. పెనం ఓ మోస్తరుగా కాలితే చుక్క పడ్డచోటే చుయ్‌మని ఆవిరైపోతుంది. మంట పెంచి, మరికాసేపు ఆగి చల్లితే మాత్రం కథ మారుతుంది. చుక్క గుండ్రంగా ముడుచుకుని పాదరసంలా అటూ ఇటూ పరుగులు తీస్తుంది. చుయ్‌మనదు. ఇంకో చుక్క ఎదురైతే కలుపుకుని పెద్దదవుతుంది, పెనం నడిమి పల్లంలో చేరి వణుకుతూ తిరుగుతుంది. అట్లు పోసే చేతికి దీని అర్థం తెలుసు. పెనం మరీ కాలింది, ఇప్పుడు పిండి వేస్తే తిప్పేలోపే గరిటెకు చుట్టుకుంటుంది. మంట తగ్గించి, ఇంకాసిని నీళ్లు చల్లి, సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది అట్టు పోసేస్తారు.

పని గడిచింది కదా అని ప్రశ్నను అక్కడే వదిలేస్తాం. అసలు తిరకాసంతా అక్కడే ఉంది. తక్కువ కాలిన పెనం మీద నీళ్లు చిటికెలో పోయాయి. ఎక్కువ కాలినదాని మీద అంతసేపు ఎలా నిలిచాయి?

జర్మనీలో యోహాన్ గాట్‌లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు దీని దగ్గర ఆగిపోయాడు. ఇనప చెంచాను నిప్పుల మీద ఎర్రగా కాల్చి, అందులో ఒక్కొక్క చుక్కే వేస్తూ, లోలకం ఊగడాన్ని బట్టి సమయం లెక్కపెట్టాడు. మొదటి చుక్క అర నిమిషానికి పైగా నిలిచింది. చెంచా కాస్త చల్లారాక వేసిన రెండోది పది సెకన్లకు మించి లేదు. మూడోది ఇంకా తొందరగా పోయింది. ఇదంతా 1756లో లాటిన్‌లో రాసి అచ్చువేయించాడు. ఇప్పుడు ఆ పరుగుకి ఆయన పేరే స్థిరపడింది. లోహం సుమారు 200 డిగ్రీలు దాటితే చుక్క అడుగుభాగం తాకీ తాకగానే ఆవిరై, మిల్లీమీటరులో పదో వంతు మందాన పొరలా పరుచుకుంటుంది. చుక్క దానిమీద తేలుతుంది. ఆవిరి వేడిని సరిగా చేరవేయదు కాబట్టి పైన నీళ్లు నింపాదిగా ఉంటాయి. కారణం తెలిస్తే సరదా పోతుందంటారు కొందరు. నాకైతే ఇది చదివాకే, కళ్లు పెనం అంచుకు సమంగా దించి ఆ సన్నటి ఖాళీ కనిపిస్తుందేమోనని వెతకడం మొదలైంది. (మొహం మరీ దగ్గర పెట్టకండి. నాన్‌స్టిక్ పెనంతో అసలు వద్దు, ఖాళీగా అంతలా కాలిస్తే పూత పాడై చెడ్డ పొగలొస్తాయి.)

సి.వి. రామన్‌ది కూడా ఇదే ధోరణి. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నవాడు, సముద్రం ఆయనకు కొత్త కాదు. 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఓడ మీద నిలబడి మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడు. ఆకాశం నీడ పడి సముద్రం నీలంగా కనిపిస్తుందని అంతకుముందే భౌతికశాస్త్రవేత్త రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్ దగ్గర నికల్ పట్టకం ఉంది. దాంతో నీటి ఉపరితలం మీంచి వచ్చే ప్రతిఫలనాన్ని అణచేసి చూస్తే నీలం ఎక్కడికీ పోలేదు. రంగు నీటిదే. కాంతి నీటి అణువుల మీద పడి చెదిరిపోవడం గురించి అక్కడ మొదలైన వెతుకులాట 1928లో రామన్ ఎఫెక్ట్ దాకా, 1930లో నోబెల్ దాకా వెళ్లింది. నాకు నోబెల్ కన్నా ఆ పట్టకం వెంట ఉండటమే ముచ్చటగా అనిపిస్తుంది. ఆ ఓడలో ఇంకెంతమంది ఆ నీలాన్ని చూసి ఆహా అనుకుని భోజనానికి వెళ్లిపోయారో!

మనం ఓడ ఎక్కనక్కర్లేదు. ఒక గాజు గ్లాసు, రబ్బరు బ్యాండు చాలు. మా ఇంట్లో శనివారం రాత్రి ఇడ్లీపిండి కలుపుతారు. స్టీలు గిన్నెలో మూత కింద ఏం జరుగుతుందో కనిపించదు కదా, అందుకని మూడు గ్లాసులు పక్కన పెట్టాను. ఒకదాంట్లో రుబ్బిన మినప్పప్పు, ఒకదాంట్లో తడిపిన ఇడ్లీరవ్వ, మూడోదాంట్లో రెండూ కలిపిన పిండి. ఎంతవరకు పోశానో రబ్బరు బ్యాండు చుట్టి గుర్తు పెట్టాను. తెల్లారేసరికి రవ్వ అడుగున కూర్చుని ఉంది, పైన నీళ్లు తేలాయి. కలిపిన పిండి బ్యాండు దాటి రెండు వేళ్లు పైకొచ్చింది. గాజు గోడకు ఆనుకుని ఆవగింజంత బుడగలు, వాటి మధ్య మినపపిండి సాగిన దారాలు. ఈస్టు ఏదీ వేయలేదు. పప్పును అంటిపెట్టుకుని వచ్చిన సూక్ష్మజీవులే రాత్రంతా తిని వాయువు వదిలాయి, మినుముల జిగురు దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంది.

మా ఏడేళ్ల పాప వాటిని చూసి అడిగిన మొదటి మాట, “నాన్నా, ఉప్పు ముందే వేస్తే?” వచ్చే శనివారానికి గ్లాసులు నాలుగయ్యాయి. అత్తయ్యగారు వంటింట్లోకొచ్చి గట్టు వంక చూసి, “ప్రయోగాలు మీ ఇష్టం బాబూ, రేపు టిఫిన్‌కి మాత్రం పిండి తక్కువ రాకూడదు” అన్నారు. ఇప్పుడు పప్పు ఓ గుప్పెడు ఎక్కువ నానబెడుతున్నాం.